ఈశాన్య మూల బుడిపెలు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా చేత నాలుగు మంచిమాటలు చెప్పించుకుని పోదామని వాళ్ళ ఆశ. మీరు సాధించిన విజయం ఏదైనా చెప్పండి మేడం అంటారు. విజయాలు నాకు పెద్దగా గుర్తులేవు. గుర్తున్నవన్నీ ఒళ్ళు మండిపోయిన రోజులే. వాటిలో ఒక సోయా పంట ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. అదే రాస్తున్నాను. మీకు పనికొస్తే సంతోషం, రాకపోతే నా కడుపుమంట కాస్తయినా చల్లారుతుంది.

ఎనభైల మొదట్లో మాట, తమిళం మాట్లాడే మా పట్నంలో. ముదలియార్‌పేటలో, ఒక రంపపు మిల్లు వెనక అద్దె ఇంట్లో మా సెక్షన్ ఉండేది. నేలకి మేలు చేసే బాక్టీరియాని పెంచి, మెత్తటి బొగ్గుపొడిలో కలిపి, పాకెట్లు కట్టి రైతులకివ్వడం మా పని. ఒక్కో పాకెట్లో రెండు రకాలుండేవి. ఒకటి చిక్కుడుజాతి మొక్కల వేళ్ళ మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి పెట్టేది. రెండోది నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించేది. ఈ రెండింటినీ ఒకే పాకెట్లో పెడితే ఒకటి రెండోదాన్ని తినేసేది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, మేము ఇమిడ్చాం. ఇప్పుడు మీకిది సీసాల్లో అమ్మే సరుకు. అప్పుడు మాకిది ఏళ్ళ తపస్సు.

మేము ఇమిడ్చాం అని రాశాను గానీ, ఇమిడ్చింది ఒక్కడే. మా టెక్నీషియన్. ముదలియార్‌పేటలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంట్లో, నొక్కి చెప్పడానికి తమిళపు 'దా' కలిపే తెలుగు, వీధిలో తమిళం, ల్యాబులో సగం ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ చదవలేడు. నాకంటే చాలా పెద్దవాడు, అన్నా అని పిలిచేదాన్ని. అతన్ని మహానుభావుడని అనుకోకండి, అంతటి విసుగు పుట్టించే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బాక్టీరియాని పెంచే కల్చర్ గదిలోకి వెళ్ళాలంటే మోచేతులదాకా కడుక్కోవాలి. కడుక్కున్నాక అతను చూసి సరే అనాలి. గదిలో మాట్లాడకూడదు. కరెంటు పోయి ఫ్లాస్కులని ఊపే షేకర్ ఆగిపోతే ఫ్లాస్కులు చేత్తో ఊపమని నాకు ఆర్డరు వేసేవాడు, నేను అతనికి పై అధికారినన్న సంగతి నేనే గుర్తు చెయ్యాలి. ఏ వాదనలోనైనా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అయినా ఆ బాక్టీరియా అతని చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ సరిగా పెరిగేది కాదు. నేను పెంచితే మబ్బుపట్టిన నీళ్ళలాంటిది వచ్చేది, అతను పెంచితే చిక్కటి మజ్జిగలాంటిది వచ్చేది.

అతను తాత్కాలిక ఉద్యోగి. సెక్షనే తాత్కాలికం. ప్రతి ఏడూ పొడిగింపు కాగితం వచ్చేదాకా మా అందరికీ గుండె దడే. ఆ ఏడు మాత్రం పై నుంచి ఒక కమిటీ వస్తోందని తెలిసింది. ఒక రైతు పొలంలో మా పాకెట్ పనిచేస్తుందని కళ్ళతో చూపిస్తే సెక్షన్ పర్మనెంటు, దాంతోపాటు అతనూ పర్మనెంటు. చూపించలేకపోతే సెక్షన్ ఎత్తేస్తారు. నాకైతే చదువుంది, వేరే చోట ఉద్యోగం దొరికేది. అతనికి దొరకదు. పైగా ఆ ఏడు దాటితే ప్రభుత్వ ఉద్యోగానికి అతని వయసు చెల్లదు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అతనికి అందరికంటే బాగా తెలుసు. ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

ఇక మా ఆఫీసరు. చెడ్డవాడైతే బాగుండేది, హాయిగా తిట్టుకునేవాళ్ళం. ఆయన మంచివాడు, దానికి తోడు ఉత్సాహవంతుడు. ఉత్సాహవంతుడైన అధికారి కింద పనిచెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ప్రయోగానికి సోయా ఎంచుకున్నది ఆయనే. అది మాత్రం తెలివైన పనే. వేరుశనగకీ మినుముకీ కావలసిన బాక్టీరియా మన నేలల్లో ఎంతో కొంత ముందే ఉంటుంది, పాకెట్ వెయ్యకపోయినా అరాకొరా బుడిపెలు కడతాయి. సోయా అలా కాదు. అది మనకి కొత్త పంట. అంతకుముందు సోయా వెయ్యని నేలలో దాని బాక్టీరియా అసలు ఉండదు. కనక మా పాకెట్ కలిపిన విత్తనం మొలిచినచోట బుడిపెలుండాలి, కలపని చోట వేరు నున్నగా ఉండాలి. ఏ కమిటీకైనా చూడగానే అర్థమవుతుంది.

తెలివి అక్కడితో ఆగింది. పొలాన్ని చిన్న చిన్న ప్లాట్లుగా చేసి, పాకెట్ కలిపినవీ కలపనివీ కలగాపులగంగా వెయ్యాలన్నది మొదటి పాఠం, కాలేజీలో మొదటి ఏడే చెబుతారు. మా ఆఫీసరు కలపని ప్లాట్లన్నీ రోడ్డువైపు, ఈశాన్య మూలకి తోసేశారు. కమిటీ జీపు దిగగానే ముందు ఎండుమొహం మొక్కలు కనబడాలట, తర్వాత నడుచుకుంటూ పోయి పచ్చటి మొక్కలు చూడాలట. నేను వద్దన్నాను. టెక్నీషియన్ వద్దన్నాడు. సినిమాలో ముందు కష్టాలు చూపించి తర్వాత సుఖం చూపిస్తారా లేదా అని ఆయన మమ్మల్నే అడిగారు. పేర్లు రాసిన కొయ్యలు తెచ్చి టెక్నీషియనే పాతాడు, ఒక్కోటి రెండుసార్లు సరిచూసుకుని మరీ.

పొలం పట్నానికి పడమర ఒక పల్లెలో ఉంది. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. కొడుకులు వ్యవసాయం చేస్తారు గానీ విత్తనాల గది తాళంచెవి వాళ్ళ అమ్మ నడుముకే ఉండేది. ఊరంతా ఆమెని పెద్దమ్మ అనేవారు, మేమూ అలాగే పిలిచాం. నేను పెద్ద బజారులో దుకాణం ఉన్న తెలుగువాళ్ళ పిల్లనని తెలిశాక ఆమె నన్ను తల్లీ అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఆఫీసులో దేనికి పనికొచ్చినా రాకపోయినా, తెలుగు ఇళ్ళల్లో మాట్లాడటానికి పనికొస్తానని ఆఫీసరు నమ్మకం.

విత్తనానికి పొడి అంటుకోవాలంటే జిగురు కావాలి. పుస్తకంలో రాసిన తుమ్మబంక అందరికీ దొరకదని, ప్రతి ఇంట్లో ఉండే గంజి చాలని ఆఫీసరు కనిపెట్టారు. అది ఆయన సొంత ఆలోచన, ఆయనకి ప్రాణం. కరపత్రాలు కూడా వేయించారు, మీద గంజి కుండ బొమ్మతో సహా. విత్తే ముందురోజు పెద్దమ్మ ఇంటి వాకిట్లో ఆయనే చొక్కా చేతులు మడిచి, చల్లారిన గంజి సోయా గింజల మీద పోసి, నల్లటి పొడి చల్లి, రెండు చేతులా కలియబెట్టారు. గింజలకి కాటుక పూసినట్టయింది. ఫోటోలు తీశారు. నీడలో ఆరబెట్టి రేపు పొద్దున్నే వెయ్యాలని చెప్పారు. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి నవ్వుతూ చూసింది. అర్థమైందా అని నేను తెలుగులో అడిగితే బాగా అర్థమైందని చెప్పింది.

మర్నాడు విత్తేటప్పుడు మేము దగ్గరుండాలి. ఉండలేదు. ఎవరో పెద్దమనిషి రైలు దిగుతున్నాడని ఆఫీసరు జీపు తీసుకుపోయారు. టెక్నీషియన్ ఆ జీపు కోసం సెక్షన్ గుమ్మంలో నిలబడిపోయాడు. నేను బస్సు పట్టుకుని, దిగి, ఎండలో నడిచి పొలం చేరేసరికి అంతా అయిపోయింది. మంచి గడియ దాటిపోతుందని వేసేశారట. ఈశాన్య మూల గట్టు మీద పసుపు, కుంకుమ, కొబ్బరిచెక్క. కొయ్యల ప్రకారమే వేశారా అని అడిగాను. కొయ్య తప్పలేదని పెద్ద కొడుకు ఒట్టేశాడు. అతను చెప్పింది నిజమే.

నెల దాటాక నేనూ టెక్నీషియనూ వెళ్ళి, పాకెట్ కలిపిన ప్లాట్లో ఒక మొక్క పీకాం. వేరు నున్నగా ఉంది. ఇంకోటి పీకాం, అదీ అంతే. అక్కడక్కడా ఒక మొక్కకి ఒకటీ అరా బుడిపె, అది కూడా ఆవగింజంత. అతను మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా ఇంకా పీకుతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. కలపని ప్లాట్లో కూడా ఒకటి పీకి చూద్దామన్నాడు. కమిటీ వచ్చేదాకా ఆ మూల ఒక్క మొక్క కూడా తగ్గడానికి వీల్లేదని ఆఫీసరు ఆర్డరు. ఆ మూల కాస్త పచ్చగా ఉన్నట్టనిపించి ఆయనతో చెబితే, రోడ్డు పక్క కదా, పశువుల పేడ పడి ఉంటుందన్నారు. ఆయన దగ్గర దేనికైనా జవాబు సిద్ధంగా ఉండేది.

అప్పటినుంచి ల్యాబులో మొదలైంది అసలు నరకం. దాచిపెట్టిన పాకెట్లు తెరిచి చూశాం, బాక్టీరియా పుష్కలంగా ఉంది. పొలం మట్టి తెచ్చి పరీక్షించాం, ఉప్పు లేదు, విషం లేదు. బావి నీళ్ళు చూశాం, బొగ్గుపొడి చూశాం, నేను అనుమానించని వస్తువు ఆ ఇంట్లో లేదు. పాకెట్లో బతికున్నది పొలంలో ఎందుకు చచ్చిందో ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు. ఆఫీసరుకి మాత్రం త్వరగానే పట్టింది. పొలానికి పంపిన పాకెట్లు వేరే, వాటిని టెక్నీషియన్ సరిగా పెంచలేదు అని అందరిముందూ అనేశారు. సీసాలని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ నడిపే కుర్రాడి దగ్గర్నుంచి వీధి ఊడ్చే ఆమెదాకా అందరూ విన్నారు. ఎవరి మాటకైనా ఎదురు చెప్పే మనిషి ఆ రోజు నోరెత్తలేదు. కల్చర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నాకు ఆఫీసరు మీద ఎంత కోపం వచ్చిందో అతని మీదా అంతే వచ్చింది, నోరు ఉన్నది దేనికని.

కమిటీ వచ్చింది. ఛైర్మన్ బాగా పెద్దాయన, మోకాళ్ళ నొప్పితో కర్ర పట్టుకుని నడిచేవాడు. మాటలు తక్కువ. ఆఫీసరు ఉపన్యాసం సగంలో ఉండగానే ఆయన గట్టు దిగి, ముందు కలపని ప్లాటు చూస్తానని, కాలవ పక్కనున్న మొక్కని వేళ్ళతో సహా తవ్వి తీయించాడు. మట్టి దులిపించాడు. వేరునిండా బుడిపెలు, గుత్తులు గుత్తులుగా. ఛైర్మన్ ఒకదాన్ని గోటితో చీరి చూశాడు. లోపల ఎర్రగా ఉంది. అంటే బతికి, పనిచేస్తున్న బుడిపె. తర్వాత పాకెట్ కలిపిన ప్లాటుకి నడిచి అక్కడా తవ్వించాడు. నున్నటి వేరు. ఆయన రెండు మొక్కలనీ రెండు చేతుల్లో పట్టుకుని ఆఫీసరు మొహంలోకి చూశాడు.

నాకు భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆఫీసరు మాత్రం ఒక్క క్షణమే తడబడ్డారు. అప్పుడు ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. సోయా బాక్టీరియా ఈ నేలలో లేదు, బుడిపెలున్నాయంటే మన పాకెట్ పనిచేసినట్టే కదా, అయితే కొయ్యలు తారుమారయ్యాయి, పాతినవాడు పొరపాటు చేశాడు, అంతే అన్నారు. కమిటీలో మిగతావాళ్ళు హమ్మయ్య అనుకున్నారు, వాళ్ళ మొహాల్లో కనబడింది. నిజంగానే ఎంత సుఖమైన జవాబు. కొయ్యలు అటూ ఇటూ మార్చి చదువుకుంటే ప్రయోగం దివ్యంగా గెలిచినట్టే. మధ్యాహ్నం భోజనం చేసి అందరూ ఇంటికి పోవచ్చు.

ఛైర్మన్ టెక్నీషియన్ని పిలిచి, కొయ్యలు నువ్వే పాతావా అని అడిగాడు. నేనే సార్ అన్నాడు. తొందరలో మారిపోయి ఉండొచ్చు, అలాంటివి జరుగుతుంటాయి, దానికి నిన్నెవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు అన్నాడు ఛైర్మన్. కరుణతోనే అన్నాడు. ఒక్కసారి తలూపితే చాలు. సెక్షన్ పర్మనెంటు, తను పర్మనెంటు. వెనకనుంచి నేను కళ్ళతో బతిమాలుతున్నాను. ఆఫీసరైతే అతని కాలు తొక్కినంత పని చేశారు.

"లేదు సార్. కొయ్యలు సరిగ్గానే ఉండాయి" అన్నాడు.

ఛైర్మన్ మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట చెప్పాడు, అతి వినయంగా, అతి మొండిగా. అయితే ఈ బుడిపెలు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే, తెలీదు సార్ అన్నాడు. తెలీదట. భోజనాలయ్యేదాకా ఆలోచించుకుని చెప్పు, ఇప్పుడేం తొందరలేదు అని ఛైర్మన్ కర్ర పట్టుకుని చెట్టునీడకి పోయాడు. ఆఫీసరు టెక్నీషియన్ని పక్కకి లాగి ఏదో నూరిపోస్తూ కనబడ్డారు. అతను నేల చూస్తూ వింటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని నాకు తెలుసు. ఇల్లు, పెళ్ళాం, పిల్లలు ఉన్న మనిషి కదా, ఒక అబద్ధం కూడా కాదు, ఒక పొరపాటు ఒప్పుకోమంటే ఏం పోయిందని లోపల్లోపల రగిలిపోయాను.

మగవాళ్ళకి తోటలో వడ్డించారు. నన్ను పెద్దమ్మ లోపలికి తీసుకుపోయి వంటింట్లో కూర్చోబెట్టింది. విస్తట్లో అన్నం వడ్డించింది. ఊరికే కలుపుతూ, కోపంలో ఏం చేస్తున్నానో తెలీక, పక్కన పీట మీదున్న ఊరగాయ జాడీకి చెయ్యి చాచాను. పెద్దమ్మ టక్కున నా మణికట్టు పట్టుకుంది. "అన్నం చెయ్యి తల్లీ, అంటు. కడుక్కోని రా" అంది. మా అమ్మ కూడా సరిగ్గా ఇలాగే పట్టుకునేది. ఉడికిన అన్నం తగిలిన చెయ్యి ఊరగాయకీ పెరుగుకీ తగలకూడదు, పొయ్యి దిగిన గిన్నె తగిలితే పచ్చి సరుకు మైలపడుతుంది. మా బజారింట్లోనూ ఇదే చట్టం. చిన్నప్పటినుంచీ తిట్లు తింటూ పెరిగిన చట్టం. లేచి తొట్టి దగ్గరకి పోయి చెంబుతో నీళ్ళు పోసుకుంటూ అలాగే ఆగిపోయాను. గంజి అంటే అన్నం నీళ్ళే కదా.

తడిచేత్తోనే వెనక్కి వచ్చి అడిగాను. మా ఆఫీసరు గంజి పోసి కలిపిన విత్తనాన్ని ఏం చేశావు పెద్దమ్మా అన్నాను. ఆమెకి దాచాలన్న ఆలోచనే లేదు.

"మీరు జీపెక్కి పోతానే కడిగేస్తిమి తల్లీ. ఇంటికొచ్చిన పెద్దమనుషులు, మొగాన కాదని ఎట్ల చెప్తాము? అంటు తగిలిన విత్తనం భూమమ్మకి యాడన్నా పెడతామా? రెండు నీళ్ళలో కడిగి, పసుపు పట్టించి, ఎండలో పోసి వేస్తిమి. మీ మందు ఏమీ పారెయ్యలేదు. విత్తనం కడిగిన నీళ్ళు తొక్కుడు పడకూడదు కదా, తీసుకుపోయి ఈశాన్య మూల కాలవలో వదిలేస్తిమి. అప్పుడు ఆ మూలకే నీళ్ళు పారతా ఉండాది. మీ మందు మీ పొలంలోనే దా ఉండాది." నా వాలకం చూసి, "ఏంది తల్లీ, ఏమన్నా తప్పా?" అని అడిగింది.

తప్పా అంటే ఏం చెప్పను? నవ్వాలో, ఏడవాలో, ఆ గోడకేసి తల కొట్టుకోవాలో తెలీలేదు. ఒక పంటకాలమంతా మేము మట్టి పరీక్షించాం, నీళ్ళు పరీక్షించాం, మనుషులని అనుమానించాం. విత్తనం కడిగారా అని మాత్రం ఎవరూ అడగలేదు, ఎందుకంటే మందు పట్టించిన విత్తనాన్ని ఎవరైనా కడుగుతారని చదువుకున్న బుర్రకి తోచదు. గంజి పోసిన విత్తనాన్ని కడగకుండా ఎవరైనా వేస్తారని ఆమె బుర్రకి తోచదు. మధ్యలో నేనున్నాను, రెండు బుర్రలూ తెలిసినదాన్ని. నాకూ తోచలేదు. పెద్దమ్మకి ఏం తప్పులేదని చెప్పి, ఎంగిలి విస్తరి వదిలేసి పొలానికి పరుగెత్తాను.

ఛైర్మన్‌కి జరిగిందంతా చెప్పాను. ఆఫీసరు వెంటనే, ఇవన్నీ ఆడవాళ్ళ కబుర్లని, కొయ్యల సంగతి తేలిపోయిందని అడ్డం వచ్చారు. ఛైర్మన్ చెయ్యెత్తి ఆయన్ని ఆపి, కొయ్యలు మారి ఉంటే ఆ ప్లాటు నిండా ఒకేలా బుడిపెలుండాలి కదా అన్నాడు. అని కర్ర పక్కన పడేసి, నొప్పి మోకాళ్ళతోనే గట్టు దిగాడు. కాలవ నోటి దగ్గర ఒక మొక్క, కొంచెం లోపల ఒకటి, ఇంకా లోపల ఒకటి, అలా వరసగా పీకించుకుంటూ పోయాడు. కాలవ దగ్గర వేరు నిండా బుడిపెలు. లోపలికి పోయేకొద్దీ పలచన. నీళ్ళు చివరిగా చేరే అంచున వేరు నున్నగా ఉంది. నల్లనీళ్ళు ఎంతదాకా పారాయో మొక్కలే గీత గీసి చూపించాయి. టెక్నీషియన్ ఆ వరసంతా చూస్తూ నడిచాడు. కాలవ దగ్గర మొక్కని చేతిలోకి తీసుకుని, ఒక బుడిపె చీరి, ఆ ఎరుపు చూసుకుని మళ్ళీ మట్టిలో పెట్టాడు. 

ఇప్పుడు మీరు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారని నాకు తెలుసు. ఆగండి. ఛైర్మన్ న్యాయంగా మాట్లాడాడు, అదే మా ప్రాణాల మీదకి వచ్చింది. బాక్టీరియా బతికే ఉంది, పనిచేస్తుంది, దాన్ని పెంచినవాడి తప్పేమీ లేదు అన్నాడు. కానీ కలిపిన విత్తనం కడిగేశారు, కలపని ప్లాటులో మందు పడింది, కనక ఇది ప్రయోగం కాదు, దీని మీద ఏ సెక్షన్నీ పర్మనెంటు చెయ్యమని రాయలేను అన్నాడు. కొయ్యలు మారాయని ఒప్పుకుని ఉంటే రాసేవాడు. నిజం చెప్పాం కాబట్టి రాయడు. ఇంకో పంట చూద్దాం, అంతవరకూ ఇలాగే నడవనివ్వండి అని పొడిగింపు మాత్రం ఇప్పిస్తానన్నాడు. జీపులో తిరిగి వస్తూ ఆఫీసరు నాతో ఒక్కటే మాటన్నారు, అన్నం తినడానికి పోయి సెక్షన్నే తినేసి వచ్చావని. 

మరుసటి ఏడు గంజి బదులు బెల్లం నీళ్ళు వాడదామన్నాను. బెల్లానికి అంటు లేదు, నైవేద్యానికి కూడా పెడతారు. ఆఫీసరు ఒప్పుకోవడానికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. గంజి కుండ బొమ్మ వేసిన కరపత్రాలు బీరువా నిండా ఉన్నాయి, వాటినేం చెయ్యాలని ఆయన బాధ. చివరికి పెద్దమ్మ తన చేతులతోనే బెల్లం నీళ్ళలో పొడి కలిపి విత్తనానికి పట్టించింది, కడగలేదు. ప్లాట్లు ఈసారి నేనన్నట్టు కలగాపులగంగా వేశాం. కలిపినచోటల్లా బుడిపెలు కట్టాయి, కలపనిచోట కట్టలేదు. ఛైర్మన్ మళ్ళీ వచ్చి చూసి రాశాడు. సెక్షన్ పర్మనెంటయింది. నేను పర్మనెంటయ్యాను. ఆఫీసరుకి ప్రమోషన్ వచ్చింది, బెల్లం నీళ్ళ పద్ధతి గురించి ఆయన చాలా సభల్లో ఉత్సాహంగా మాట్లాడారు.

టెక్నీషియన్‌కి వయసు దాటిపోయింది. పై వాళ్ళకి నేను రాశాను, ఆఫీసరు కూడా రాశారు, అది ఒప్పుకోవాలి. నిబంధన నిబంధనే అన్నారు. ఆ ఉద్యోగంలో ఒక డిగ్రీ చదివిన అబ్బాయిని వేశారు. ఆ అబ్బాయికి పని నేర్పి, మోచేతులదాకా కడుక్కోవడం నేర్పి, టెక్నీషియన్ ముదలియార్‌పేటలోనే ఒక సోడా కంపెనీలో చేరిపోయాడు.

చాలా ఏళ్ళకి, నేను రిటైరవడానికి కాస్త ముందు, అతని ఇంటికి వెళ్ళాను. చిన్న ఇల్లు, వీధరుగు మీదే కూర్చోబెట్టాడు. ముసలివాడయ్యాడు గానీ కుందేలుకి ఇంకా మూడే కాళ్ళు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఇన్నేళ్ళూ అడగనిది అడిగేశాను. ఆ రోజు నీకు విత్తనం కడిగిన సంగతి తెలీదు కదా అన్నా, బుడిపెలు ఎలా వచ్చాయో కూడా తెలీదు, తల ఊపితే ఏం పోయేది అన్నాను. గొంతు పెద్దదయింది కాబోలు, లోపలినుంచి వాళ్ళావిడ తొంగిచూసింది.

"తెలీదు మ్మా, నిజమే. కొయ్యలు నేను మార్చలేదని మాత్రం తెలుసు. అంటే ఇంగేదో జరిగుండాది. నేను ఒప్పేసుకుంటే అది ఏందో మళ్ళ ఎవురు వెతుకుతారు? పాకెట్లు ఊరూరా పోయుండును. ప్రతి ఇంట్లోనూ కడిగుండురు. పంట రాకపోతే అప్పుడు మందు పనికిరాదని పారేసుండురు. అది మంచిది దా కదా, మనకి తెలుసు కదా."

అన్నీ సరిగ్గా చెప్పాడు. ఒక్క ముక్క కాదనడానికి లేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. అవన్నీ సరే అన్నా, కానీ నీకు పెన్షన్ ఉండేది అన్నాను.

"ఉండేది" అన్నాడు. అని, లోపలికి తిరిగి, నాకు కాఫీలో చక్కెర తక్కువ వెయ్యమని వాళ్ళావిడకి చెప్పాడు.

అంత తేలిగ్గా అన్నాడు ఆ మాట. అతను పోయి కూడా చాలా కాలమైంది, నాకు ఆ కోపం మాత్రం పోలేదు.